సారా తీసిన పిప్పి

ముందుగా చదివేవాళ్లకు ఒక మనవి. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, లేని చోట కనిపించినా మన్నించండి. నా చేయి నెమ్మది. ఇంత చిన్న కథకు రెండు నెలలు పట్టింది. కథలో మనుషులు మాత్రం ఓపిగ్గా కూర్చున్నారు, ఎక్కడికీ పోలేదు.

మిల్లు వీధి చివర రేకుల షెడ్డులో కోళ్ల దాణా కలిపే ఆవిడను అందరూ దాణా వదిన అనేవారు. నిజానికి ఆవిడను వదినా అని పిలిచే హక్కు ఇద్దరికే ఉంది, ఒక మరిదికి, ఒక ఆడపడుచుకు. కానీ ఆడపడుచు గొంతు వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించేది కాబట్టి ఆ పిలుపు ఊరందరి నోటా పడింది. ఆవిడకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన పోస్టుమాన్ కూడా గుమ్మంలో నిలబడి "దాణా వదినా, ఉత్తరం" అని కేకేసేవాడు.

షెడ్డులో ఒక గ్రైండరు, ఒక కలిపే డ్రమ్ము, ఒక కాటా. గ్రైండరు దగ్గర ఆవిడ భర్త నిలబడేవాడు. ముప్పై ఏళ్లు ఆ మోత పక్కన నిలబడి ఆయన చెవులు సగం పోయాయి. మిగిలిన సగం భార్య చెప్పేవన్నీ వినడానికి చాలవని ఆయనే చెప్పి నవ్వేవాడు.

దాణా వదిన చదువుకోలేదు గాని ముక్కూ పళ్లూ చదువుకున్నాయి. మొక్కజొన్న బస్తా వస్తే కోసు గొట్టం గుచ్చి నడిమధ్య నుంచి గుప్పెడు గింజలు తీసేది. ఒకటి పళ్ల మధ్య పెట్టి కొరికేది. కటుక్కుమంటే ఎండిన గింజ. పన్ను మెత్తగా దిగితే పచ్చి. తరువాత గుప్పిట మూసి, లోపలికి వేడిగా ఊది, వాసన చూసేది. బూజు వాసన అణువంత ఉన్నా ఆ బస్తా గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. దాణా కలిపాక చిటికెడు తీసి తన నోట్లో వేసుకునేది. "నా గొంతు దిగనిది కోడి గొంతు ఎందుకు దిగాలి?" అనేది. ప్రతి కలుపు నుంచీ గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి, భర్త చేత తేదీ రాయించి, గోడ మేకుకు గుచ్చేది. ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఏదైనా మాట వస్తే చూపించడానికి ఉండాలి అనుకునేది.

ఆడపడుచును అందరూ పిట్ట అనేవారు. మనిషి పిట్టంత, నోరు మాత్రం పిట్టల గుంపంత. పెళ్లి వద్దనుకుంది. ఎవరైనా ఎందుకని అడిగితే, "మొగుడి దగ్గర పడుండేకంటే కోళ్ల దగ్గర పడుండటం మేలు. అవి రోజూ గుడ్డైనా పెడతాయి" అనేది. రెండు షెడ్లలో తొమ్మిది వందల కోళ్లు. గుడ్లు బడి వంటగదికీ ఆసుపత్రికీ వెళ్లేవి. ఏడాది మొదట్లో ఒక ధర రాసుకుంటే ఏడాదంతా అదే ధర. ఎవరి ముందూ చేయి చాచకుండా పదిహేనేళ్లుగా ఆ కోళ్ల మీదే బతుకుతోంది. ఆ కోళ్లు తినేది వదిన కలిపిన దాణా. వేరే వాళ్ల దాణా పొరపాటున కూడా చూడలేదు.

ఇలా ఉండగా పెట్రోలులో ఐదో వంతు సారా కలిపి తీరాలని చట్టం వచ్చింది. తాగే సారా కాదు, బండ్లకు పోసేది. వంతెన అవతల ఖాళీ మైదానంలో ఏడాది తిరక్కుండా ఫ్యాక్టరీ లేచింది. మొదట చెరకు మడ్డి తీసుకుంటామన్నారు, తరువాత పాడైన ధాన్యం అన్నారు, చివరికి మొక్కజొన్న దగ్గర స్థిరపడ్డారు. లారీలు వంతెన మీద బారులు తీరాయి. లారీ మరిదికి, అంటే దాణా వదిన మరిదికి, రెండు లారీలు మూడయ్యాయి.

ఆ ఏడు కోతలప్పుడు బొంగురాయన వచ్చాడు. గొంతు బొంగురు కాబట్టి ఆ పేరు. పాతికేళ్లుగా ఆ షెడ్డుకు గింజ పోసిన రైతు. చేతిలో బస్తా లేదు.

"గింజ ఏది, పెద్దాయనా?"

"గింజ వంతెన దాటింది."

"అంతా?"

"అంతా. ఈసారి బఠాణీ చేను, పొద్దుతిరుగుడు చేను కూడా మొక్కజొన్నే వేశా. అది కూడా దాటింది."

"అవన్నీ మానేస్తే మనుషులు ఏం తింటారయ్యా?"

"ఆ ప్రశ్న బఠాణీ అమ్ముకోలేక నేను గట్టు మీద కూర్చున్నప్పుడు ఎవరూ అడగలేదు" అన్నాడు బొంగురాయన, కోపం లేకుండానే. "చూడు వదినా, నీ దగ్గరికి తెస్తే నువ్వు కొరుకుతావు, ఊదుతావు, ఎండలేదు పో అంటావు. వారం రోజులు ఎండబెట్టి తేవాలి. వాళ్లు తేమతో ఉన్నది కూడా తీసుకుంటారు. కొంచెం ధర తగ్గిస్తారు, అంతే. నా జన్మలో మొదటిసారి అమ్మేవాణ్ణి నేను కుర్చీలో కూర్చున్నా, కొనేవాడు నిలబడ్డాడు. ఆ ముచ్చట నన్ను తీర్చుకోనియ్యి."

పాతికేళ్లలో ఆయనకు తాను ఒక్కసారి కూడా కుర్చీ వేయలేదని అప్పుడే ఆవిడకు గుర్తొచ్చింది.

ఆ నెలలోనే పెద్ద వాన కురిసింది. రేకు ఒకటి లేచిపోయి, షెడ్డులో దాచిన నలభై బస్తాల మొక్కజొన్న తడిసింది. నాలుగో రోజుకు బస్తాల్లో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. గింజ మొదళ్లలో ఆకుపచ్చ బూజు. పారబోయబోతుంటే లారీ మరిది అడ్డం వచ్చాడు.

"ఏంటి వదినా, బంగారాన్ని పెంటలో పోస్తున్నావు?"

"బంగారమా! దగ్గరికొచ్చి వాసన చూడు, ముక్కు ఊడి చేతిలోకొస్తుంది."

"వాసన మనకి. ఫ్యాక్టరీకి ముక్కు లేదు. ఉడకబెట్టి సారా తీసేదానికి బూజైతే ఏం, భోజనమైతే ఏం? బండికి కడుపుంటుందా, నొప్పొస్తుందా?"

ఆ మాటకు దాణా వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నిజమే కదా, బండికి కడుపెక్కడిది అనుకుంది. మనుషుల నోటికీ కోళ్ల నోటికీ అందకుండా పోతే అంతే చాలు. తానే దగ్గర నిలబడి ఆ నలభై బస్తాలూ లారీ ఎక్కించింది. ఆ దారిలో అలాంటి బస్తాలు ఇంకెన్ని ఎక్కాయో ఎవరికి తెలుసు? వాన అందరి రేకుల మీదా పడింది.

తరువాత అసలు ఇబ్బంది మొదలైంది. మంచి గింజ కొందామంటే ఫ్యాక్టరీ ధర పెట్టాలి. ఆ ధరకు దాణా కలిపితే పిట్ట కొనలేదు. బడికీ ఆసుపత్రికీ రాసుకున్న గుడ్డు ధర రాసుకున్నట్టే ఉంది. పిట్ట రోజూ వచ్చి షెడ్డు గుమ్మంలో కూర్చునేది.

"వదినా, కోళ్లకు నచ్చజెప్పా. చట్టం వచ్చిందే తల్లీ, రెండ్రోజులకోసారి తినండే అన్నా. ఒక్కతీ వినదు. నీలాగే మొండివి."

"నీ దగ్గర పెరిగాయి కదా అమ్మడూ, నోరే ఎక్కువ ఉంటుంది" అనేది వదిన. నవ్వేది గాని, రాత్రి పడుకున్నా పిట్ట మొహమే కళ్ల ముందు మెదిలేది.

ఆ సంగతి మరిదికి తెలుసు. ఒకరోజు లారీ షెడ్డు ముందు ఆపి బస్తా ఒకటి దించాడు. మూతి విప్పితే లోపల బంగారు రంగు పొడి, రవ్వలా. షెడ్డంతా కాల్చిన రొట్టె వాసన.

"ఏంటిది?"

"పిప్పి. మొక్కజొన్న ఉడికించి, పులియబెట్టి, సారా తీసుకోగా మిగిలింది. ఆరబెట్టి అమ్ముతున్నారు. గింజలో సగం ధర లేదు. గింజకంటే బలమట, ఫ్యాక్టరీ గుమస్తా చెప్పాడు. పక్క ఊళ్లో అందరూ కలుపుతున్నారు."

దాణా వదిన గొట్టం గుచ్చింది. నడిమధ్య నుంచి గుప్పెడు తీసింది. కొరకడానికి గింజ లేదు, అంతా పొడి. నాలుక మీద వేసుకుంది. కమ్మగా, కొంచెం పుల్లగా ఉంది. గుప్పిట మూసి ఊది వాసన చూసింది. రొట్టె వాసనే. మళ్లీ చూసింది. మళ్లీ రొట్టె వాసనే. ఆ ముక్కు ఆవిడను ముప్పై ఏళ్లలో ఎప్పుడూ మోసం చేయలేదు. పచ్చి గింజను చదివిన ముక్కు అది. ఉడికి, పులిసి, మాడి వచ్చిన పొడిలో దానికి చదవడానికి ఏమీ మిగల్లేదని ఆవిడకు తట్టలేదు. నిశానీ వేసేవాడికి అచ్చు కాగితం ఇచ్చినట్టు అయింది.

సోయా చెక్క కొంత, గింజ కొంత తగ్గించి ఆ జాగాలో పిప్పి కలిపింది. చిటికెడు తాను తింది. పొట్లం కట్టి మేకుకు గుచ్చింది.

మూడు వారాలు పిట్ట ఆనందానికి పట్టపగ్గాలు లేవు. కోళ్లు ఎగబడి తిన్నాయి. గుడ్డు పచ్చసొన పొద్దుటి సూర్యుడిలా ఉందని బడి వంటామె మెచ్చుకుందట. "నా వదిన చేతిలో ఏదో ఉంది" అని వీధంతా చెప్పుకుని తిరిగింది. ఇంకో పదకొండు మంది కోళ్లవాళ్లు అదే దాణా పట్టుకెళ్లారు.

నాలుగో వారంలో గుడ్లు చిన్నవయ్యాయి. ఐదో వారంలో తగ్గాయి. కోళ్ల తురాయిలు వాడిపోయి తెల్లబడ్డాయి. ముసలి కోళ్లు ఉన్న రెండో షెడ్డులో పొద్దున్నే తలుపు తీస్తే నాలుగు, మర్నాడు ఏడు, ఆ మర్నాడు పదిహేను చచ్చి పడి ఉన్నాయి. పిట్ట నీళ్ల తొట్లు కడిగింది. పేలమందు చల్లింది. పైకప్పు కడిగింది. చివరికి పక్కింటివాళ్ల దిష్టి అంది.

"దాణా ఏమైనా..." అని దాణా వదిన నసిగింది.

"ఛీ, ఆ మాట అంటే నా నోరు పడిపోదూ? నీ దాణాని అనుమానిస్తే నేను తిన్న అన్నాన్ని అనుమానించినట్టే. పో వదినా."

కోళ్ల డాక్టరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకునే మనిషి. చచ్చిన కోడిని కోసి చూశాడు. కార్జం పసుపుపచ్చగా, వేలితో తాకితే పిండిలా రాలిపోతోంది. ఏమీ అనకుండా దాణా బస్తాలోంచి కొంచెం తీసుకున్నాడు. తిరిగి వెళ్తూ షెడ్డు దగ్గర ఆగి, గోడ మేకుకున్న పొట్లాలు చూసి, "ఇవి భలే పని చేశారమ్మా" అన్నాడు. పిప్పి కలపక ముందువి రెండు, కలిపాకవి రెండు విప్పించుకుని పట్టుకెళ్లాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఆయన ఫోను వచ్చింది. పిట్ట ఫోను ఎత్తలేదట, అందుకని ఇక్కడికి చేశాడు.

"బూజు విషం అమ్మా. పాత పొట్లాల్లో లేదు. కొత్తవాటిలో ఉండకూడనంత ఉంది."

"బూజు గింజ నేను గుమ్మం తొక్కనివ్వను బాబూ. ప్రతి బస్తా కొరికి చూస్తా."

"గింజలో కాదు, పిప్పిలో. సారా తీసినప్పుడు విషం సారాలోకి పోదు. ఉడికించినా చావదు. గింజలో పిండంతా సారాగా పోతుంది, మిగిలిన దాంట్లో విషం మిగులుతుంది. మూడు బుట్టల గింజలో ఉన్నదంతా ఒక బుట్ట పిప్పిలోకి చేరుతుంది. వాళ్లకు ఎలాంటి గింజ చేరిందో మరి."

వాళ్లకు ఎలాంటి గింజ చేరిందో ఆవిడకు తెలుసు. నలభై బస్తాలు తానే దగ్గరుండి ఎక్కించింది. బండికి కడుపు లేదని నవ్వింది. తాను పంపిన నలభైలోంచి ఒక్క గింజ తిరిగి తన షెడ్డుకే వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఫ్యాక్టరీకి లారీలు వందల్లో వెళ్తాయి. కానీ అవన్నీ ఎక్కించినవాళ్లు కూడా తనలాగే నవ్వి ఉంటారు.

పిట్టకు తానే చెబుతానని ఫోను పెట్టేసి, ఆ కలుపులో ఇక పిప్పి వేయవద్దని భర్తకు సైగ చేసింది. ఆ పని వెంటనే చేసింది. చేయాల్సిన రెండో పని చేయలేదు. పిట్ట షెడ్డులో ఇంకా తొమ్మిది బస్తాల పాత దాణా ఉంది. ఆ సాయంత్రం పిట్ట అదే వేసింది. మర్నాడు పొద్దున్నా అదే వేసింది. చెప్పడానికని దాణా వదిన రెండుసార్లు చెప్పులు వేసుకుని, రెండుసార్లు విప్పింది. ఎలా మొదలుపెట్టాలి? నిన్ను పోషించిన చేయే విషం పెట్టిందని ఏ నోటితో చెప్పాలి?

మూడో రోజు పొద్దున మరిది వచ్చాడు. సంగతి డాక్టరు నోట విన్నాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"వదినా, నా మాట విను. ఇది నీకూ నాకూ డాక్టరుకీ తెలుసు. వానాకాలం తెగులు అందాం. అందరి కోళ్లూ చస్తూనే ఉన్నాయి."

"అందరి కోళ్లూ నా దాణానే తింటున్నాయి, అబ్బాయ్."

"నువ్వు కావాలని చేశావా? నేను కావాలని తెచ్చానా? నువ్వు నోరు తెరిస్తే రేపటి నుంచి ఈ షెడ్డు ముందు ఒక్క బండి ఆగదు. ముప్పై ఏళ్ల పేరు ముప్పై క్షణాల్లో పోతుంది. నా లారీ ఎవడూ పిలవడు. ఎవరికి లాభం? చచ్చిన కోడి లేచొస్తుందా?"

మాట సబబుగానే ఉంది. అదే భయం వేసింది ఆవిడకు, అంత సబబుగా ఉండటం. తాను రెండు రోజులుగా లోపల చెప్పుకున్నదే అతను బయటికి చెబుతున్నాడు.

అప్పుడు గ్రైండరు ఆగింది. ఆ షెడ్డులో పగటిపూట నిశ్శబ్దం ఎప్పుడూ ఉండదు. ఇద్దరూ తిరిగి చూశారు. ఆవిడ భర్త చేతులకంటిన పిండి దులుపుకుంటున్నాడు. ఎంత విన్నాడో, ఏం విన్నాడో తెలియదు.

"ఎన్ని ఇళ్ల నుంచి ఎన్ని బస్తాలు వెనక్కి తేవాలో చెప్పు. తోపుడు బండి తెస్తా" అన్నాడు.

దాణా వదిన ఈసారి చెప్పులు వేసుకోలేదు. ఉత్త కాళ్లతోనే వెళ్లింది.

పిట్ట రెండో షెడ్డు వెనక గోతిలో సున్నం చల్లుతోంది. గోతిలో ఏముందో చూడనక్కర్లేదు.

"ఆ దాణా ఆపెయ్ అమ్మడూ. చంపుతున్నది అదే."

పిట్ట పార కిందికి దించింది. వదిన అంతా చెప్పింది, పిప్పి సంగతి, డాక్టరు మాట, బూజు పట్టిన నలభై బస్తాలు, తన నవ్వు. ఒక్కటీ దాచలేదు. పిట్ట మధ్యలో ఒక్క మాటకూ అడ్డం రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అలా విన్నది అదే మొదటిసారి.

"డాక్టరు నీకు ఎప్పుడు చెప్పాడు?" అంది చివరికి.

"మొన్న పొద్దున."

"మొన్న పొద్దున." పిట్ట పార కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "మొన్న పొద్దుటి నుంచి ముప్పై ఎనిమిది పోయాయి. వదినా, పిప్పి కలిపినందుకు నేనేమీ అనను. ఆ మాయదారి పొడి చూపిస్తే నేనూ కలిపేదాన్నే. నా దగ్గర డబ్బు లేదని తెలిసి నా కోసమే కలిపావు. కానీ మొన్న సాయంత్రం నేను దాణా వేస్తుంటే నువ్వు మీ గుమ్మంలో నిలబడి చూస్తున్నావు. నేను చెయ్యి ఊపాను. నువ్వూ ఊపావు."

ఊపిన సంగతి దాణా వదినకూ గుర్తుంది.

"వెళ్లు" అంది పిట్ట. "నాకు పనుంది."

ఆ రోజూ మర్నాడూ మొగుడూ పెళ్లాం తోపుడు బండి తోసుకుంటూ పదకొండు ఇళ్లు తిరిగారు. ఒకాయన బస్తాలు గుమ్మంలోకి విసిరేశాడు. ఒకావిడ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, అప్పుడు తిట్టింది. "ఆ ముక్కుకి జలుబు చేసిందా, దాణా వదినా?" అని వీధిలో ఎవరో అరిచారు, నలుగురు నవ్వారు. ఇద్దరు బస్తాలు వెనక్కి ఇవ్వం అన్నారు. మా కోళ్లు బాగానే ఉన్నాయి, ఈ ధరకు ఇంకేం దొరుకుతుంది అన్నారు. వాళ్ల కాళ్లావేళ్లా పడాల్సి వచ్చింది. మరిది రెండు రోజులు మొహం చాటేసి, మూడో రోజు లారీ తెచ్చి, "ఎక్కించండి, ఆ తోపుడు బండితో ఎన్నాళ్లు" అన్నాడు. తెచ్చినదంతా గొయ్యి తవ్వి పూడ్చారు.

పిట్ట రెండో షెడ్డులో సగం కోళ్లు చచ్చాయి. మిగిలినవాటిని ఉంచొద్దన్నాడు డాక్టరు. మొదటి షెడ్డులో వయసు కోళ్లు మందుతో తేరుకుంటాయి గాని, నెల రోజులు వాటి గుడ్లు ఎవరికీ అమ్మకూడదు, శుభ్రమైన గింజే వేయాలి అన్నాడు. ఆ మాట అన్నంత తేలికగా గింజ దొరుకుతుందా?

దాణా వదిన గొట్టం చంకలో పెట్టుకుని వంతెన ఎక్కింది. ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు, ట్రాక్టర్లు కనుచూపు మేర ఉన్నాయి. ఒక్కో బండి దగ్గర ఆగి, గుచ్చి, కొరికి, ఊది చూసింది. పచ్చిది. పచ్చిది. బూజు. పచ్చిది. డ్రైవర్లు వేళాకోళం చేశారు. "అమ్మా, ఫ్యాక్టరీవాళ్లు పళ్లున్నవాళ్లని కూడా పెట్టుకున్నారా?" గేటు కాపలావాడు రెండుసార్లు పొమ్మన్నాడు. ఆవిడ రెండుసార్లూ పోయి, మూడోసారి వచ్చింది.

బారు మధ్యలో బొంగురాయన ట్రాక్టరు ఉంది. దాని పక్కన నిలబడి అప్పటికే ఎవరో ఆయనతో వాదిస్తున్నారు. పిట్ట. వదినను నమ్ముకోకుండా తన గింజ తాను వెతుక్కోవడానికి వచ్చింది.

"దాచుకున్నదంతా ఊడ్చి ఫ్యాక్టరీ ధరే ఇస్తానంటున్నా కదయ్యా" అంటోంది.

"ధర గురించి కాదమ్మాయ్. నీకు ఎండినది కావాలి. ఇది రెండో పంట, నిన్న కోసింది. ఎండబెట్టాలంటే చోటేది? కూలివాళ్లేరి? వాన ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక్కడైతే ఇలా తెచ్చి అలా పోసి ఇంటికెళ్లి పడుకుంటా."

దాణా వదిన గింజ తీసి చూసింది. పన్ను మెత్తగా దిగింది. కానీ బూజు లేదు. కొత్తది, తియ్యటి వాసన. "గింజ మంచిది" అంది, ఎవరితో అన్నట్టూ కాకుండా.

పిట్ట ఆవిడ వైపు చూడలేదు. బొంగురాయనతోనే మాట్లాడింది. "నా రెండో షెడ్డు ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీనో నీకు తెలుసు. సిమెంటు నేల, పైన కప్పు, నాలుగు పక్కలా జాలీ. గాలి ఈ వైపు నుంచి ఆ వైపుకు కొడుతుంది. కడిగి సున్నం కొట్టించా. గింజ అక్కడ కుమ్మరించు. ఎండబెట్టే పని నాది, నీది కాదు."

"ఒక్కదానివి ఎంత తిప్పుతావు? గంటగంటకీ తిప్పాలి."

"నేను తిప్పుతా" అంది దాణా వదిన.

ముందున్న లారీ నాలుగడుగులు జరిగింది. వెనకున్నవాడు హారను కొట్టాడు. బొంగురాయన ముందుకు జరగాలా, పక్కకు తిప్పాలా అన్నట్టు స్టీరింగు మీద చేయి వేసి కూర్చున్నాడు.

"ఒక్క చేను గింజే ఇస్తా. మిగిలిన రెండూ ఇటే" అన్నాడు. "నన్ను తప్పు పట్టొద్దు."

"పట్టను" అంది పిట్ట. "నువ్వు ఆ ఒక్క చేనైనా బూజు పట్టకుండా కోసి ఇయ్యి, చాలు."

ఆయన ట్రాక్టరును బారులోంచి బయటికి తిప్పాడు. తిప్పుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

తొమ్మిది రోజులు పట్టింది. చీలమండ లోతు గింజలో ఇద్దరూ ఉత్త కాళ్లతో దున్నినట్టు నడుస్తూ తిప్పేవారు, ఒకరు ఈ గోడ నుంచి, ఒకరు ఆ గోడ నుంచి. మధ్యలో ఎదురుపడేవారు. మొదటి మూడు రోజులు ఎదురుపడ్డా మాట లేదు. నాలుగో రోజు నుంచి పనికి కావాల్సినంత మాట్లాడుకున్నారు. ఆ సమయంలో బడి వంటామె వచ్చింది. గుడ్లు మళ్లీ ఎప్పుడు, ఎన్ని అని అడిగింది.

"వచ్చే నెల నుంచి. పాతదాంట్లో సగం" అంది పిట్ట.

"సగమంటే వారంలో సగం రోజులు. మిగిలిన రోజులు పిల్లల కంచంలో ఏం పెట్టను? బఠాణీ పెడదామంటే అదీ బజారులో కనపడటం లేదు."

వంటామె గింజ కేసి చూసి, "ఇదంతా కోళ్లకేనా?" అని అడిగి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న చాలాసేపు షెడ్డులోనే ఉండిపోయింది.

తొమ్మిదో రోజు కోడిపిల్లలు అమ్మేవాడి ఫోను వచ్చింది. ఎప్పటిలాగే రెండో షెడ్డుకు పిల్లలు పంపమంటారా, ఇప్పుడు చెబితేనే వచ్చే నెలకు అందుతాయి అన్నాడు. పిట్ట ఫోను చెవి నుంచి తీసి, గుప్పిట్లో మూసి, తొమ్మిది రోజుల్లో మొదటిసారి వదిన మొహం సూటిగా చూసింది.

"ఈ గింజ ఎన్ని కోళ్లకు వస్తుంది?"

దాణా వదిన కుప్ప మీద కన్ను ఆ మూల నుంచి ఈ మూల దాకా పారించింది. కాస్త పెంచి చెబితే పిట్ట సంతోషిస్తుంది. పిల్లల్ని తెచ్చుకుంటుంది. మళ్లీ గింజ చాలకపోతే అప్పటికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

"ఉన్నవాటికి వస్తుంది. కొత్త పంట దాకా. ఒక్క కోడి ఎక్కువైనా చాలదు" అంది.

"నిజంగా?"

"నిజంగా."

పిట్ట ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. "వద్దు బాబూ. ఇకమీదట గింజ ఎంతో కోళ్లు అంత. రెండో షెడ్డు ఇక కోళ్లది కాదు, గింజది." అవతలివాడు ఏదో నచ్చజెబుతుంటే వినకుండా పెట్టేసింది. పదిహేనేళ్లుగా రెండు షెడ్లు నడిపిన మనిషి ఒక షెడ్డుకు కుదించుకుంది. బయట వంతెన వైపు లారీలు వెళ్తూనే ఉన్నాయి. జాలీ లోంచి దుమ్ము లోపలికి వస్తోంది. పిట్ట వెళ్లి ఆ వైపు గోతాం తెర దించింది.

"ఆ మూల తిప్పనేలేదు నువ్వు" అంది వెనక్కి చూడకుండానే. "నేల దగ్గర తేమ ఉంటుంది."

దాణా వదిన చీర కాస్త పైకి దోపుకుని ఆ మూలకు నడిచింది.

ఇట్లు,
వీధిలో అందరూ కళ్లజోడమ్మ అని పిలిచే నేను,
వయసు అరవై తొమ్మిది,
ఇప్పుడు ఉంటున్నది చిన్న కోడలి దగ్గర, సైకిలు షాపు మేడ మీది గదిలో.